కళ్లజోడుతో మంచుకొండ దిగేదెలా?

శీతాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఇంట్లో ప్రయాణాల ముచ్చట మొదలవుతుంది. ఒకప్పుడు ఊటీ, కొడైకెనాల్ దగ్గరే ఆగిపోయిన మనవాళ్లు ఇప్పుడు గుల్మార్గ్‌కీ, ఔలికీ, మనాలీ దగ్గరి సోలాంగ్‌కీ వెళ్లొస్తున్నారు. మంచుముద్దలు విసురుకుని, ఫొటోలు దిగి సరిపెట్టుకోవడం లేదు. కాళ్లకు స్కీలు కట్టుకుని వాలు మీద జారడం నేర్చుకోవాలనీ సరదాపడుతున్నారు. ఇక అమెరికాలో ఉన్న పిల్లలైతే వారాంతం వచ్చిందంటే లేక్ తాహో అనో, కొలరాడో అనో కారెక్కేస్తున్నారు.

ప్రయాణానికి జాబితా రాసుకుంటాం. స్వెటర్లు, గ్లవ్స్, ఉన్ని టోపీలు, మందులు, ఆవకాయ సీసా... అన్నీ ఉంటాయి. ఒక్కటి మాత్రం ఎవరికీ గుర్తురాదు. అది ఎప్పుడూ మన ముక్కుమీదే ఉంటుంది కాబట్టి!

అవును, కళ్లజోడు గురించే. సైటు ఉన్నవాళ్లకు అసలు చిక్కు మంచుకొండ దగ్గరికి చేరాకే తెలుస్తుంది. సామాను అద్దెకిచ్చే కొట్టతను ఓ గాగుల్స్ చేతిలో పెడతాడు. అవి కళ్లజోడు మీద పట్టవు. బలవంతంగా పెట్టుకుంటే కాడలు కణతల్ని నొక్కేస్తాయి. 'ఏముందిలే, గంటసేపేగా' అనుకుని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాం. సరిగ్గా అదే చేయకూడని పని.

ఎందుకో చిన్న లెక్క చూద్దాం. మైనస్ 3 పవర్ ఉన్నవారు కళ్లజోడు తీసేస్తే స్పష్టంగా కనిపించేది 33 సెంటీమీటర్ల దూరం వరకే. అంటే చేతిలోని ఫోను కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు. మైనస్ 1 వాళ్లకైనా మీటరు దాటితే మసకే. మరి స్కీల మీద గంటకు 36 కిలోమీటర్ల వేగం పెద్ద విశేషం కాదు. కాస్త అలవాటైనవాళ్లు అలవోకగా అందుకుంటారు. ఆ వేగంతో సెకనుకు 10 మీటర్లు ముందుకు వెళ్లిపోతాం. మంచులోంచి పొడుచుకొచ్చిన రాయి, గాజులా గట్టిపడిన ఐసు, దారిలో పడిపోయిన పిల్లాడు... ఏమిటో పోల్చుకునేలోగా మీదికి వచ్చేస్తాయి.

ప్రమాదం మనకొక్కరికే కాదు. స్కీయింగ్‌లో అంతటా పాటించే నియమం ఒకటుంది. ముందు వెళ్తున్నవారికి ఇబ్బంది లేకుండా దారి చూసుకోవాల్సింది వెనక నుంచి వచ్చేవాడే. చూపే సరిగా ఆననివాడు దారి ఏం చూసుకుంటాడు? అందుకే టికెట్లు బుక్ చేసే రోజునే కళ్ల సంగతి కూడా తేల్చుకోవాలి. దానికి మార్గాలు ఒకటి కాదు, అయిదున్నాయి.

తెలుపులో తెలుపు

ముందు మంచు మీద కంటికి పడే శ్రమేమిటో చూద్దాం. రోడ్డు మీద నడిచేటప్పుడు రంగులూ గీతలూ గోడలూ దారి చెబుతుంటాయి. మంచు మీద అన్నీ తెలుపే. గుంటైనా దిబ్బైనా తెలిసేది వాటి చిన్న చిన్న నీడల్ని బట్టే. మబ్బు పట్టిందా, ఆ నీడలూ మాయమవుతాయి. నేలా ఆకాశం కలిసిపోతాయి. స్కీయర్లు దీన్ని 'ఫ్లాట్ లైట్' అంటారు. చూపు బాగున్నవాళ్లే అప్పుడు తడబడతారు. సైటు సరిచేసుకోనివారి సంగతి చెప్పక్కర్లేదు.

ఎండ కాస్తే మరో తంటా. అతినీలలోహిత కిరణాలను పచ్చగడ్డి పది శాతం కూడా వెనక్కి పంపదు. బీచ్‌లోని పొడి ఇసుక 15 శాతం పంపుతుంది. అదే తాజా మంచయితే 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచీ కాస్తుంది, కిందినుంచీ కాస్తుందన్నమాట. కిందినుంచి వచ్చేదాన్ని టోపీ అంచు ఆపలేదు. పైగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకీ ఈ కిరణాల తీవ్రత దాదాపు పది శాతం పెరుగుతుంది. గుల్మార్గ్ ఉన్నది 2,650 మీటర్ల ఎత్తులో. అక్కడి గండోలా రెండోదశ ఎక్కి అఫర్వత్ కొండమీదికి వెళ్తే దాదాపు 4 వేల మీటర్లు.

ఈ కిరణాల దెబ్బకు నల్లగుడ్డు పైపొర కమిలిపోవడాన్నే 'స్నో బ్లైండ్‌నెస్' అంటారు. కొండమీద ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. కొన్ని గంటలయ్యాక, హోటల్ గదికి చేరి కాస్త నడుం వాల్చే వేళకి మొదలవుతుంది. కంట్లో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు, దీపం వెలుతురు కూడా చూడలేని బాధ. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ మన సెలవులూ ఆ నాలుగు రోజులేగా!

మామూలు కళ్లజోడు దీన్ని పూర్తిగా ఆపలేదు. పక్కల నుంచీ కింది నుంచీ వెలుతురు దూరుతుంది, చలిగాలి కొట్టి కళ్లు నీళ్లు కారతాయి. పడితే జోడు ఎటో ఎగిరిపోతుంది. అందుకే మంచు మీద సైటు ఉన్నవారికి రెండూ కావాలి... పవరూ, గాగుల్సూ.

మొదటి గాగుల్స్ చెక్కవే

ఈ అవసరాన్ని అందరికన్నా ముందు గుర్తించింది ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలు. చెక్కనో ఎముకనో కళ్లకు అమరేలా చెక్కి, మధ్యలో సన్నటి చీలిక పెట్టి తాడుతో కట్టుకునేవారు. వెలుతురు అంతా రాకుండా ఆపడమే కాదు, ఆ చీలిక చూపునీ కాస్త పదును చేస్తుంది. నమ్మకం లేకపోతే కళ్లజోడు తీసి, పిడికిలి బిగించి వేళ్ల మధ్య చిన్న సందులోంచి గోడమీది క్యాలెండర్ చూడండి. అంకెలు కొంచెం తేటపడతాయి. సన్నటి సందులోంచి వచ్చే కాంతి తక్కువగా చెదరడమే కారణం. అయితే పక్కల ఏముందో కనపడదు కాబట్టి వేగంగా జారేవారికి ఆ ఉపాయం పనికిరాదు.

ఇప్పటి స్కీ గాగుల్స్‌కి రూపమిచ్చింది కళ్ల డాక్టరు కాదు, పళ్ల డాక్టరు! అమెరికాకు చెందిన బాబ్ స్మిత్ ఎగుడుదిగుడు పళ్లు సరిచేసే వైద్యుడు, స్కీయింగ్ అంటే ప్రాణం. మంచు కురిసే రోజున గాగుల్స్ మసకబారి ఏమీ కనిపించకపోవడంతో విసిగిపోయి, 1960ల్లో రెండు లెన్సుల మధ్య గాలి పొర ఉండేలా, చుట్టూ గాలి ఆడే ఫోమ్‌తో ఓ గాగుల్స్ తయారుచేశారు. రెండు అద్దాల కిటికీ చలిని ఆపినట్టే లోపలి లెన్స్ చల్లబడకుండా ఈ గాలి పొర కాపాడుతుంది. చల్లబడని లెన్స్ మీద ఆవిరి పట్టదు. ఈనాటికీ మంచి గాగుల్స్ అన్నిటిలో ఉన్నది ఆ సూత్రమే.

ఇక మన అయిదు మార్గాల్లోకి వద్దాం.

1. కళ్లజోడు మీదే గాగుల్స్

అన్నిటికన్నా తేలికైనది, ఖర్చు తక్కువది ఇదే. కళ్లజోడు ఉన్నవారి కోసమే లోపల లోతు ఎక్కువగా, కాడలు పట్టేందుకు రెండు పక్కలా ఫోమ్‌లో గాడి ఉండే గాగుల్స్ దొరుకుతాయి. వీటిని 'ఓటీజీ' అంటారు. ఓవర్ ద గ్లాసెస్ అన్నమాట. ఏడాదికోసారి నాలుగు రోజులు వెళ్లేవారికి, ఏటా పవర్ మారే పిల్లలకి ఇది చాలు.

కొనేటప్పుడు మీ కళ్లజోడు పెట్టుకునే వెళ్లండి. గాగుల్స్ పెట్టుకుని తల అటూ ఇటూ ఊపండి. జోడు లెన్స్ గాగుల్స్ లెన్స్‌కి తగలకూడదు. తగిలితే రెండూ గీతలు పడతాయి, కిందపడినప్పుడు ఆ దెబ్బ నేరుగా ముక్కుకి తగులుతుంది. హెల్మెట్ కూడా పెట్టుకుని చూడాలి. హెల్మెట్, గాగుల్స్ పట్టీ, జోడు కాడలు... మూడూ ఒకేచోట కణతను నొక్కితే అరగంటలో తలనొప్పి ఖాయం. సన్నటి కాడలున్న చిన్న ఫ్రేము అయితే హాయి. ఫ్యాషన్ కోసం కొన్న వెడల్పాటి ఫ్రేములు చాలావరకు ఇందులో పట్టవు.

లెన్సులు గాజువి అయితే వద్దే వద్దు. పాలీకార్బొనేట్ లెన్సులున్న జోడు వేరే చేయించుకోండి. దెబ్బ తగిలినా అవి పెంకులుగా పగలవు. పాత ఫ్రేములో ఈ లెన్సులు బిగించి, 'మంచు జోడు'గా పక్కన పెట్టుకున్నా సరిపోతుంది.

లోపం ఒక్కటే. కంటికీ కొండకీ మధ్య రెండు జోళ్లు ఉంటాయి. గాగుల్స్ మసకబారకపోయినా లోపలి కళ్లజోడు మసకబారొచ్చు. అప్పుడు తుడవాలంటే మొత్తం విప్పాల్సిందే.

2. గాగుల్స్ లోపల ఇమిడే చిన్న జోడు

కాడలు లేని చిన్న ఫ్రేములో మీ పవర్ లెన్సులు బిగించి, గాగుల్స్ లోపల క్లిప్పులా అమరుస్తారు. దీన్ని 'ఇన్సర్ట్' అంటారు. కణతల మీద ఒత్తిడి ఉండదు. హెల్మెట్‌తో గొడవ లేదు. ఒకే ఇన్సర్ట్‌ని ఎండకొకటి, మబ్బుకొకటి రెండు గాగుల్స్‌లోకి మార్చుకోవచ్చు. పవర్ మారితే ఇన్సర్ట్ లెన్సులు మార్చుకుంటే చాలు, గాగుల్స్ పాతవే.

అయితే ఇన్సర్ట్ కంటికి ఎంత దూరంలో కూర్చుంటుందన్నది ముఖ్యం. మామూలు జోడుకన్నా ముందుకో వెనక్కో జరిగితే పవర్ పనిచేసే తీరు మారుతుంది. తక్కువ పవర్ వాళ్లకు తేడా తెలియదు. నాలుగు దాటినవాళ్లు మాత్రం కళ్లద్దాలు చేసేవారికి ఆ సంగతి చెప్పి కొలిపించుకోవాలి. ఇన్సర్ట్ మీదా ఆవిరి పట్టే అవకాశం ఉంది. యాంటీఫాగ్ కోటింగ్ ఉన్న లెన్సులు అడగండి. కనురెప్పల వెంట్రుకలు తగులుతున్నాయేమో కూడా చూసుకోండి. తగిలితే ప్రతిసారీ రెప్ప వేసినప్పుడు జిడ్డు మరక పడుతుంది.

3. గాగుల్స్‌లోనే పవర్

కొందరు తయారీదారులు గాగుల్స్‌లోనే పవర్ లెన్స్ శాశ్వతంగా అమర్చి ఇస్తారు. లోపల వేరే జోడు ఊగులాడదు. చూపు విశాలంగా ఉంటుంది. పొందిక కూడా బాగుంటుంది. కానీ ఖరీదెక్కువ. ఆర్డరిచ్చి కొన్ని వారాలు ఆగాలి. ఎక్కువ పవర్ ఉన్నవారికి అన్నిచోట్లా చేయరు. పవర్ మారితే మళ్లీ ఖర్చు. చలికాలమంతా మంచుమీదే గడిపేవారికి, పవర్ స్థిరపడిన పెద్దవాళ్లకి నప్పుతుంది. నాలుగు రోజుల ప్రయాణానికి దీనికోసం పరుగెత్తక్కర్లేదు.

4. కాంటాక్ట్ లెన్సులు

ఇప్పటికే లెన్సులు అలవాటున్నవారికి ఇంతకు మించిన సుఖం లేదు. ఏ గాగుల్స్ అయినా పెట్టుకోవచ్చు. పక్క చూపు పూర్తిగా ఉంటుంది. కంటి వెచ్చదనంతో ఉంటాయి కాబట్టి వీటి మీద ఆవిరి పట్టదు. 'చలికి లెన్స్ గడ్డకట్టి కంటికి అతుక్కుపోతుందట' అని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. కన్నీటి పొరా, ఒంటి వేడీ అలా జరగనివ్వవు.

అసలు సమస్య చలి కాదు, పొడిగాలి. ఎత్తుమీది గాలిలో తేమ తక్కువ. దానికి తోడు గదిలో హీటరు. లెన్స్ ఎండి కంట్లో గరగరలాడుతుంది. డాక్టరు సూచించిన కంటి తడి చుక్కలు వెంట ఉంచుకోండి. రోజుకొకటి వాడి పారేసే లెన్సులైతే శుభ్రం చేసే పనే లేదు. ఒకటి జారిపోతే కొత్తది పెట్టుకోవచ్చు. సీసాలో దాచే రకమైతే ఆ ద్రవాన్ని రాత్రి కారులో వదిలేయకండి, గడ్డకట్టేస్తుంది.

నాలుగు నియమాలు తప్పనిసరి. లెన్సుని కుళాయి నీళ్లతోనో కరిగిన మంచుతోనో ఎప్పుడూ కడగకూడదు. అలాంటి నీటిలోని సూక్ష్మజీవులు నల్లగుడ్డుకి పుండు పెట్టగలవు. ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకోకముందే లెన్స్ పెట్టుకోవాలి, లేదంటే ఆ క్రీము వేళ్లనుంచి కంట్లోకి వెళ్తుంది. రాత్రి తీసేసే పడుకోవాలి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే వెంటనే తీసేసి డాక్టరుకి చూపించుకోవాలి.

లెన్స్ మీద 'యూవీ రక్షణ' అని రాసి ఉన్నా గాగుల్స్ మానకూడదు. అది కప్పేది నల్లగుడ్డునే. తెల్లగుడ్డూ కనురెప్పలూ బయటే ఉంటాయి. ఎక్కువ పవర్ వారికి ఇంకో మాట. కళ్లజోడు చీటీలోని పవర్‌తో కాంటాక్ట్ లెన్స్ కొనేయకూడదు. జోడు కంటికి దూరంగా ఉంటుంది, లెన్స్ కంటిమీదే ఉంటుంది. మైనస్ 8 జోడు పెట్టుకునేవారికి లెన్స్ పవర్ మైనస్ 7.25 దగ్గర ఉంటుంది. తక్కువ పవర్ వారికైనా కంటి కొలతలు చూసి డాక్టరే లెన్స్ నిర్ణయించాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ప్రయాణానికి కొన్ని వారాల ముందే ఇంటిదగ్గర అలవాటు చేసుకోండి. గుల్మార్గ్ హోటల్ అద్దం ముందు, చలికి వణికే వేళ్లతో తొలి పాఠం నేర్చుకోవడం కుదరదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకున్నా జేబులో కళ్లజోడు ఉండాల్సిందే.

5. పవర్ ఉన్న చలువ కళ్లద్దాలు

ముఖానికి చుట్టుకున్నట్టు వంపు తిరిగి ఉండే స్పోర్ట్స్ జోళ్లలో పవర్ వేయించుకోవచ్చు. మంచులో నడకకి, రోప్‌వే ఎక్కి పైకెళ్లి చూసి రావడానికి, ఎండరోజున నెమ్మదిగా జారడానికి ఇవి బాగుంటాయి. తలవెనక పట్టీ తప్పనిసరి. కానీ మంచు కురుస్తున్నప్పుడూ, వేగంగా దిగేటప్పుడూ గాగుల్స్‌కి సాటిరావు. ఎక్కువ పవర్‌ని వంపు లెన్స్‌లో వేస్తే అంచుల దగ్గర నేల వంగినట్టు కనిపిస్తుంది. వాలుమీద అది మంచిది కాదు.

ఆవిరితో పేచీ

కళ్లజోడు మసకబారడం అంటే ఏమిటో 2020లో మాస్కులు కట్టుకున్నప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అక్కడా అదే జరుగుతుంది. తేమతో నిండిన వెచ్చటి ఊపిరి చల్లటి అద్దాన్ని తాకగానే నీటి బిందువులుగా మారుతుంది. మాస్కు బదులు మంచుకొండ మీద మఫ్లరు ఉంటుంది. దాన్ని గాగుల్స్ కిందికి దోపామా, ఊపిరంతా నేరుగా లోపలికే! మఫ్లరు ఎప్పుడూ ముక్కు దగ్గర వదులుగా ఉండాలి.

ఆగినప్పుడల్లా గాగుల్స్‌ని నుదుటి మీదికి నెట్టడం చాలామందికి అలవాటు. చెమట పట్టిన నుదుటి తేమ అంతా లెన్స్ లోపలికి చేరుతుంది. వద్దు. పైన ఉండే గాలి రంధ్రాల్లో మంచు కూరుకుపోతే దులిపేయండి. లోపలివైపు తడి అయితే గుడ్డతో రుద్దకండి, యాంటీఫాగ్ పూత పోతుంది. మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. వెచ్చటి గదిలోకి రాగానే జోడు మసకబారడం సహజం. పూర్తిగా ఆరాకే మళ్లీ బయటికి వెళ్లాలి. తడితోనే వెళ్తే ఆ తేమ లెన్స్ మీదే గడ్డకడుతుంది.

నిలబడితే పట్టే ఆవిరి కదిలితే పోతుందనేది నిజమే. కానీ కనపడనప్పుడు కదలడం ఎలా? పక్కకు జరిగి, పైనుంచి వచ్చేవారికి కనిపించేచోట ఆగి, తుడుచుకున్నాకే దిగండి.

రంగు లెక్క

గాగుల్స్ రంగు అందం కోసం కాదు. లెన్స్ ఎంత వెలుతురుని లోపలికి పంపుతుందో 0 నుంచి 4 దాకా అంకెలతో సూచిస్తారు. ఒకటో రకం 43 నుంచి 80 శాతం దాకా పంపుతుంది. మబ్బురోజుకి అది మంచిది. రెండోది 18 నుంచి 43 శాతం, అంతంతమాత్రపు ఎండకి. మూడోది 8 నుంచి 18 శాతం, మంచి ఎండకి. నాలుగోది 3 నుంచి 8 శాతమే. హిమానీనదాల మీదా, చాలా ఎత్తుల్లోనూ వాడతారు. అది పెట్టుకుని కారు నడపకూడదు. ఒక్కటే కొనగలిగితే రెండో రకం తీసుకోండి. పసుపు, గులాబీ, నారింజ ఛాయలు మబ్బురోజున గుంటల్నీ దిబ్బల్నీ కాస్త తేటగా చూపిస్తాయి.

ముదురు రంగుంటే చాలు, ఎండనుంచి రక్షణ ఉన్నట్టేననుకోవడం పొరపాటు. అతినీలలోహిత కిరణాల్ని ఆపే గుణం వేరు. ఆ రక్షణ లేని నల్లద్దాల వెనక కనుపాప ఇంకా విచ్చుకుని, కిరణాల్ని ఎక్కువే లోపలికి రానిస్తుంది. 'నూరు శాతం యూవీ రక్షణ' ఉందో లేదో చూడండి.

ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ జోడు ఉన్నవారు 'మాకు దిగుల్లేదు' అనుకుంటారు. ఇందులో రెండు మెలికలున్నాయి. అవి నల్లబడేది అతినీలలోహిత కిరణాలు తగిలితేనే. పైన గాగుల్స్ ఆ కిరణాల్ని ఆపేస్తే లోపలి జోడు తెల్లగానే ఉండిపోతుంది. రెండోది, చలిలో అవి మరీ ముదురుగా మారి, నెమ్మదిగా తేటపడతాయి. ఎండలోంచి ఒక్కసారిగా దేవదారు చెట్ల నీడలోకి జారితే కాసేపు చీకటే! పోలరైజ్డ్ లెన్సులు మిరుమిట్లు తగ్గిస్తాయి. కానీ గట్టి ఐసు మెరుపుని బట్టే దాన్ని పోల్చుకునే స్కీయర్లు ఆ మెరుపు పోతుందని వీటిని ఇష్టపడరు.

వీళ్లు ఇంకాస్త జాగ్రత్త!

నలభై దాటినవారు: చత్వారం వచ్చాక ప్రోగ్రెసివ్ జోడు వాడేవారికి కింది భాగంలో దగ్గరి పవర్ ఉంటుంది. స్కీల ముందు నేల సరిగ్గా ఆ భాగంలోంచే కనపడి మసకగా, దగ్గరగా అనిపిస్తుంది. వాలుమీదికి దూరపు పవర్ ఒక్కటే ఉన్న జోడు మేలు. మ్యాపు, ఫోను చూడ్డానికి చదివే జోడు జేబులో పెట్టుకోండి.

పిల్లలు: తమకు సరిగా కనపడటంలేదని పిల్లలు చెప్పరు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. ప్రయాణానికి ముందు కంటి పరీక్ష చేయించండి. పిల్లల కంట్లోని సహజమైన లెన్స్ పెద్దవాళ్లదానికన్నా ఎక్కువ అతినీలలోహిత కిరణాల్ని లోపలికి పంపుతుంది. స్కీయింగ్ చేయకుండా మంచులో ఆడుకునే పిల్లలకీ గాగుల్స్ ఉండాల్సిందే. పెద్దవాళ్ల గాగుల్స్ వాళ్ల ముఖానికి అమరవు, సందుల్లోంచి వెలుతురు దూరుతుంది.

మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉన్నవారు: వీరి రెటీనా పలచగా ఉండే అవకాశం ఉంది. బయల్దేరే ముందు డాక్టరుకి చూపించుకోండి. పడ్డాక కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, పక్కనుంచి తెర వాలినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కంటి ఆపరేషన్ అయినవారు: రెటీనా ఆపరేషన్‌లో కొందరికి కంట్లో గ్యాస్ బుడగ నింపుతారు. అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, కొండలెక్కకూడదు. ఎత్తుకి వెళ్లేకొద్దీ బుడగ ఉబ్బి, కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. లేసిక్ చేయించుకున్నవారు ఎప్పటినుంచి ఇలాంటి ఆటలు ఆడొచ్చో సర్జన్‌నే అడగాలి.

సైటు తగ్గించేందుకు నల్లగుడ్డు మీద గాట్లు పెట్టే 'రేడియల్ కెరటాటమీ' అనే పాత ఆపరేషన్ ఒకటి ఉండేది. అమెరికా వైద్యుడు బెక్ వెదర్స్ అది చేయించుకుని 1996 మేలో ఎవరెస్ట్ ఎక్కారు. ఎత్తుకి వెళ్లేకొద్దీ నల్లగుడ్డు ఆకారం మారి చూపు మసకబారింది. శిఖరానికి వెళ్లలేక దారిలోనే ఆగిపోయి, తుపానులో చిక్కుకుపోయారు. చనిపోయారనుకుని మిగతావాళ్లు వదిలేసినా లేచి నడిచొచ్చారు. ప్రాణం దక్కింది కానీ కుడి ముంజేయి, ఎడమచేతి వేళ్లు, ముక్కు పోయాయి. స్కీయింగ్ చేసే కొండలు అంత ఎత్తుండవు. అయినా ఎత్తుకీ కంటికీ ఉన్న సంబంధాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బయల్దేరే ముందు ఓసారి...

* నెల ముందే కంటి పరీక్ష. పవర్ చీటీ ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి.

* పాలీకార్బొనేట్ లెన్సులున్న కళ్లజోడు, ఇంకో జోడు అదనంగా.

* ఓటీజీ గాగుల్స్ లేదా ఇన్సర్ట్... ఏదైనా హెల్మెట్‌తో కలిపి ఇంట్లోనే అరగంట పెట్టుకుని చూడండి.

* అద్దె గాగుల్స్ తప్పకపోతే గీతలు లేనివి ఎంచుకోండి. కళ్లజోడు మీద పట్టే రకం కావాలని ముందే అడగండి.

* కాంటాక్ట్ లెన్సులు వాడితే రోజుకో జత కాక పైన రెండు మూడు జతలు, కంటి చుక్కలు.

* మెత్తటి గుడ్డలు రెండు. ఒకటి తడిస్తే ఇంకొకటి.

* శిక్షకుడికి మీ పవర్ సంగతి ముందే చెప్పండి. కళ్లజోడు పోతే వాలుమీద ఆగిపోవాలి, ఎలాగోలా దిగేద్దామని ప్రయత్నించకూడదు.

ఇంతకీ సైటు ఎక్కువగా ఉందని స్కీయింగ్ మానుకోవాలా? అక్కర్లేదు. శీతాకాల పారాలింపిక్స్‌లో చూపు బొత్తిగా లేనివారికీ, మసకగా ఉన్నవారికీ స్కీయింగ్ పోటీలున్నాయి. ముందు ఓ గైడు జారుతూ మలుపు మలుపునా మాటలతో దారి చెబుతుంటే, వెనకాల ఆ మాటల్ని నమ్ముకుని దిగుతారు. తమకు ఎంత కనపడుతుందో వాళ్లకు స్పష్టంగా తెలుసు. దానికి తగిన ఏర్పాటు చేసుకున్నాకే వాలుమీదికి వస్తారు. మైనస్ 3 ఉన్న మనం చేయాల్సిందీ అంతే. ఈసారి సూట్‌కేస్ సర్దేటప్పుడు స్వెటర్లకన్నా ముందు గాగుల్స్ పెట్టండి. మంచుకొండ అందాన్ని కళ్లారా చూడాలంటే ముందు కళ్లకు సరిగ్గా కనపడాలిగా!